పలక మారినది, ప్రక్కన కూర్చుండువారెవరు?

గత సంక్రాంతికి తెనాలి దగ్గర ఒక పల్లెలో మా బంధువుల యింట రెండు దినములు గడిపితిని. మధ్యాహ్న భోజనవేళ వసారాలో పీటపై కూర్చుండి ఆ యింటి పెద్దావిడ రెండేండ్ల మనుమనికి పప్పన్నము తినిపించుచుండెను. బిడ్డ యెదుట స్టీలు చెంబునకు ఆనించి నిలిపిన సెల్‌ఫోనులో ఏదో రంగురంగుల బొమ్మ ఎడతెగక గంతులు వేయుచు ఇంగిలీషు పాట పాడుచుండెను. బిడ్డ రెప్ప వాల్చక దానినే చూచుచు, ముద్ద పెదవికి తగిలినపుడెల్ల నోరు తెరచి అందినదానిని మ్రింగుచుండెనే గాని, అది పప్పో పెరుగో, పెట్టుచున్న చేయి ఎవరిదో ఎరిగినట్లు కనబడలేదు. "అదేమిటత్తయ్యా, మమ్మల్ని చందమామను చూపించి తినిపించేదానివి కదా!" అని నేననగా ఆమె నొచ్చుకొని, "ఏం చెయ్యనురా నాయనా, ఫోను లేకపోతే నోరు తెరవడు. వాళ్లమ్మ ఆ గదిలో కూర్చుని ఆఫీసు పని చేసుకుంటోంది. నాకా, ఇదివరకటి ఓపిక లేదు" అని, మరియొక ముద్ద కలుపుకొనెను.

ఆమెను తప్పుపట్టుటకు ఈ మాట చెప్పుట లేదు. డెబ్బది యేండ్ల మేని అలసట నిజము. తలుపు వెనుక కోడలి ఉద్యోగబాధ్యతయు నిజము. బిడ్డ కడుపు నిండినదనుటయు నిజమే. అయినను ఆ భోజనములో ఒకటి లోపించినది. "ఈ ముద్ద అమ్మది, ఈ ముద్ద తాతది, ఇదిగో ఇది గోడ మీద పిచ్చుకది, అది తినేస్తుంది చూడు, నువ్వే తినెయ్యి" అనుచు సాగు ఆ పాత ముచ్చటలో, బిడ్డ అన్నముతోపాటు అమ్మ, తాత, గోడ, పిచ్చుక, నాది, దానిది, పైన, క్రింద, ఇంకొకటి, చాలు అను మాటలన్నిటిని, పలుకువారి ముఖము చూచుచు, వేలు చూపిన దిక్కునకు కన్ను త్రిప్పుచు, తన వంతు వచ్చినపుడు 'ఊ' కొట్టుచు గ్రహించుచుండెడివాడు. పిల్లల చదువులోను ఎదుగుదలలోను సాంకేతిక సాధనముల స్థానమును గూర్చి నేడు జరుగుచున్న చర్చలో అధికభాగము, సాధనము మంచిదా చెడ్డదా యను ప్రశ్న చుట్టునే తిరుగుచున్నది. సాధనము వచ్చి కూర్చున్నపుడు అంతవరకు బిడ్డ ప్రక్కనున్న మనిషి అక్కడనే యున్నాడా, లేచిపోయినాడా యనునదే ముందుగా అడుగవలసిన ప్రశ్న యని నా దృఢాభిప్రాయము.

అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయమున ప్యాట్రీషియా కూల్ అను శాస్త్రజ్ఞురాలును ఆమె సహచరులును 2003లో ప్రకటించిన ఒక ప్రయోగము ఈ విషయమున నేటికిని స్మరింపదగినది. ఇంగిలీషు మాత్రమే వినుచు పెరుగుచున్న తొమ్మిది నెలల శిశువులలో కొందరి యెదుట, మాండరిన్ చీనా భాష మాతృభాషగా గలవారు నేలపై కూర్చుండి, బొమ్మలు చూపుచు, పుస్తకములు చదువుచు పండ్రెండు పర్యాయములు మాటలాడిరి. మరికొందరు శిశువులకు అదే మనుషులను, అవే బొమ్మలను, అంతే కాలము తెరపై చూపిరి. పిమ్మట పరీక్షింపగా, మనిషి యెదుట కూర్చున్న శిశువులు ఇంగిలీషులో లేని ఒక మాండరిన్ ధ్వనిభేదమును చక్కగా గుర్తింపగలిగిరి. తెరను చూచిన శిశువులు, ఆ భాషను ఎన్నడును వినని శిశువులకంటె ఏమాత్రమును మెరుగు కాలేదు. ధ్వని యొక్కటే, ముఖ మొక్కటే. అయినను తెరపై ముఖము బిడ్డ చూచిన వైపు చూడదు, బిడ్డ నవ్వినపుడు నవ్వదు, బిడ్డ అలసినపుడు ఆగదు. భాష చెవి ద్వారమున ప్రవేశించునని మనమనుకొందుము. ఆ వయస్సున అది సాంగత్యము వెంట వచ్చును.

దీనికి తోడుగా చెప్పదగిన మరియొక పరిశోధన 2014లో వెలువడినది. రెండు, రెండున్నర యేండ్ల పిల్లలకు కొత్త క్రియాపదములు నేర్పి చూడగా, ముందుగా చిత్రించిన వీడియో వలన వారు నేర్వలేకపోయిరి గాని, ఎక్కడనో దూరముననున్న మనిషి వీడియో కాల్‌లో వారితో అప్పటికప్పుడు మాటకు మాట యిచ్చుచు నేర్పినపుడు, ఎదుట నిలిచి నేర్పినంత చక్కగా నేర్చుకొనిరి. గుడివాడనుండియో కరీంనగరునుండియో ప్రతివారమును డాలస్‌లోని మనుమరాలితో మాటలాడు అమ్మమ్మలు ఈ పరిశోధనను చదువకయే దాని సారమెరిగినవారు. "ఏదమ్మా, ఆ కొత్త గౌను చూపించు, జేబులో ఏం దాచావ్?" అని ఆమె అడుగును, పాప జేబులో చేయి పెట్టి గులకరాయి తీసి చూపును, "అబ్బో, ఎంత నున్నగా ఉందో!" అని ఆమె యనును, 'నున్నన' యను మాట ఆ క్షణమున సముద్రములు దాటి ఒక చిన్న అరచేతిలోని రాతికి అంటుకొనును. తెనాలి పల్లెలో చెంబునకు ఆనించినదియు ఫోనే, డాలస్‌లో పాప చేతనున్నదియు ఫోనే. ఒకదాని వెనుక మనిషి లేడు. రెండవదాని వెనుక కలడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ప్రకటించిన మార్గదర్శకములలో ఏడాది నిండని శిశువునకు తెర అసలు వలదనియు, రెండు మొదలు నాలుగేండ్లవారికి దినమునకు గంటకు మించరాదనియు, ఎంత తగ్గిన అంత మంచిదనియు చెప్పినది. ఆ గంటల లెక్క తల్లిదండ్రులకు ఉపయోగమే. కాని తెర చూచిన కాలముకంటె, ఆ కాలమున జరుగక నిలిచిపోయిన మాటల లెక్క పెద్దదని నేను తలంతును.

అక్షరాభ్యాసపు వయస్సు వచ్చునప్పటికి ఈ ప్రశ్న మరియొక రూపము తాల్చును. ఓనమాలు నేర్పు ఆప్‌లు ఇప్పుడు తెలుగులోను చాలినన్ని కలవు. తెరపై చుక్కల బాటగా వెలుగు 'అ' మీద వేలు పోనిచ్చినచో గంట మ్రోగును, నక్షత్రములు రాలును, బిడ్డ కేరింతలు కొట్టును. పలకపై బలపముతో వ్రాయుటకును దీనికిని భేదమేమున్నదని తల్లిదండ్రు లడుగుట సహజము. ఇండియానా విశ్వవిద్యాలయమున క్యారిన్ జేమ్స్ అను పరిశోధకురాలు ఇంకను చదువురాని అయిదేండ్ల పిల్లలచేత కొన్ని అక్షరములను తమంతట చేతితో వ్రాయించి, కొన్నిటిని గీతపై దిద్దించి, కొన్నిటిని మీటలు నొక్కించి, పిదప ఆ అక్షరములను చూచునపుడు వారి మెదడు ఎట్లు స్పందించుచున్నదో యంత్రముతో పరిశీలించి, 2012లో ప్రకటించినది. చదువునపుడు పనిచేయు మెదడు భాగములు, బిడ్డ తనంతట తానుగా చేతితో వ్రాసిన అక్షరములకు మేల్కొనినంతగా దిద్దినవానికిగాని, మీట నొక్కినవానికిగాని మేల్కొనలేదు. పరీక్షకు వచ్చిన పిల్లల సంఖ్య చిన్నదే. అయినను అందలి తర్కము బలమైనది. బిడ్డ వ్రాసిన పది 'అ'లు పది విధములుగా వంకరపోవును, ఒకటి లావు, ఒకటి సన్నము, ఒకటి పలక అంచు దాటిపోవును. అన్నిటిలోను మారక నిలిచినదేదో అదియే 'అ' యని ఆ వంకరలే వానికి బోధించును.

ఈ ఫలితము మన పాత పద్ధతికి పూర్తిగా అనుకూలమని మురియుట తగదు. దిద్దుట యొక్కటే చాలదని అది చెప్పుచున్నది గనుక, నెలల తరబడి బిడ్డచేత ఒకే అక్షరమును దిద్దించుచు, చూడక వ్రాయు ఘట్టమునకు రానీయని బడులకు అది హెచ్చరికయే. కాని మంచి పంతులు చేసిన పని దిద్దించుటతో ఆగలేదు. ఆయన మొదట బిడ్డ పిడికిలిని తన పిడికిట పట్టి ఇసుకలోనో పలకపైననో త్రిప్పించెను. తరువాత చేయి వదలి దిద్దుమనెను. ఆ తరువాత చెరిపి, చూడక వ్రాయుమనెను. తలకట్టు అంటినచో 'వ', అంటక పైన నిలిచినచో 'ప'. 'వ'కు తోక సాగినచో 'మ'. ఈ సూక్ష్మభేదములు తెలుగు లిపికి ప్రాణము. గాజు పలకపై వేలు జారుచుండగా చేతికి ఒరపిడి తెలియదు. వ్రేలు ఎటుపోయినను యంత్రము దానిని చుక్కల బాటలోనికే లాగికొనును. తప్పు వ్రాయు స్వాతంత్ర్యము లేని చోట సరిగా వ్రాయుట నేర్చుట కష్టము. ఈ కారణముననే, ఏడెనిమిదేండ్లు నిండువరకు పలక, బలపము, కాగితము, పెన్సిలు బిడ్డ చేత నుండవలెననియు, ఆప్ అక్షరముల ధ్వని వినిపించుటకు మాత్రము తోడుగా నుండవచ్చుననియు నేను నిస్సందేహముగా చెప్పుదును.

బడిలోనికి తెరను తెచ్చుట మనకు కొత్త కాదు. 1975 ఆగస్టు 1 మొదలు 1976 జూలై 31 వరకు, విక్రం సారాభాయి కలగని తన కన్నులతో చూడలేకపోయిన ఉపగ్రహ విద్యాప్రసార ప్రయోగము ఆరు రాష్ట్రములలో సుమారు 2,400 గ్రామములలో జరిగినది. వానిలో మన తెలుగు గ్రామములును కలవు. అమెరికావారి ఏటీఎస్-6 ఉపగ్రహమునుండి నేరుగా కార్యక్రమములను అందుకొనుటకై పది అడుగుల వెడల్పున కోళ్లగూటి తీగవల వంటి వలతో చేసిన గొడుగును పల్లెలలో నిలిపి, ఉదయమున బడిపిల్లలకు, సాయంకాలము పెద్దలకు ప్రసారములు చేసిరి. తెలుగు కార్యక్రమముల నిర్మాణమునకు హైదరాబాదులో ఒక కేంద్రము వెలసినది. విద్యుత్తు లేని ఊళ్లలో సయితము బ్యాటరీలతో టెలివిజన్లు నడిపిన ఆ దీక్ష నేటికిని తలచుకొనదగినది. ఆ సంవత్సరములో అందరికిని ఉపగ్రహమే కనబడినది గాని, ఆ ప్రయోగములో భాగముగానే దాదాపు 50,000 మంది ప్రాథమిక పాఠశాలల ఉపాధ్యాయులకు, సెలవు దినములలో, విజ్ఞానశాస్త్రము బోధించు పద్ధతులపై శిక్షణ యిచ్చిన సంగతిని స్మరించువారు తక్కువ. ఏడాది నిండగనే ఉపగ్రహము మరలిపోయినది. పల్లెలోని టెలివిజను మూగపోయినది. కొబ్బరిచిప్పతోను, నీటి గ్లాసుతోను ప్రయోగము చేసి చూపుట నేర్చిన ఉపాధ్యాయుడు మాత్రము మరునాడును బడికి వచ్చెను.

కరోనా కాలమున తెర తిరిగి బడి స్థానమును ఆక్రమించినది. ఈమారు బడి తలుపులు మూసివేసి మరీ ఆక్రమించినది. 2020 సెప్టెంబరు 1 నుండి తెలంగాణలో టీ-శాట్, దూరదర్శన్ యాదగిరి ఛానళ్లద్వారా పాఠములు మొదలైనవి. ఆంధ్రప్రదేశ్‌లోను సప్తగిరి ఛానలులో పాఠములు ప్రసారమైనవి. నాడు ఉపాధ్యాయులు పడిన శ్రమ చిన్నది కాదు. అయినను ఇంట ఒకే ఫోనుండి ముగ్గురు పిల్లలున్నచోట, ఆ ఫోను తండ్రితోపాటు పనికి పోయినచోట, సిగ్నలు కొరకు కొండ యెక్కవలసినచోట ఆ పాఠము చేరలేదు. చేరినచోటను, అడిగిన సందేహమునకు తెర బదులీయలేదు. గ్రామీణ భారతమున అయిదవ తరగతి పిల్లలలో రెండవ తరగతి పాఠమును చదువగలవారు 2018లో 50.5 శాతముండగా, బడులు తెరచిన పిదప 2022లో 42.8 శాతమునకు పడిపోయిరని, గ్రామీణ పిల్లల చదువును పరిశీలించు అసర్ నివేదికలు చెప్పినవి. 2024 నాటికి అది 48.8 శాతమునకు మరల ఎగబ్రాకినది. ఈ కోలుకొనుటకు ముఖ్యకారణము బడి తలుపులు తెరచుటయే యని నమ్ముటకు నాకు సంకోచము లేదు.

2022 డిసెంబరులో బాపట్ల జిల్లా యడ్లపల్లిలో జరిగిన సభతో ఆంధ్రప్రదేశ్‌లోని ప్రభుత్వ పాఠశాలల ఎనిమిదవ తరగతి విద్యార్థులకును ఉపాధ్యాయులకును అయిదు లక్షలకు మించిన ట్యాబ్‌ల పంపిణీ ఆరంభమైనది. మరుసటి యేడును పంపిణీ జరిగినది. ఒక పేద యింటి పిల్ల చేతికి ధనికుల పిల్లల చేతనుండు వస్తువు వచ్చుటలోని ఆత్మగౌరవమును నేను తక్కువ చేయను; ఆ పిల్లల కండ్లలోని వెలుగును చూచినవారెవరును తక్కువ చేయలేరు. కాని ఎన్ని ట్యాబ్‌లు ఇచ్చితిమను లెక్క ఊరూర వినబడినంతగా, ఎందరు పిల్లలు ఏమి నేర్చిరను లెక్క వినబడలేదు. వానిలోని పాఠములను సమకూర్చిన సంస్థయే 2024లో దివాలా విచారణలో చిక్కుకొనినది. ఇది ఏ ఒక్క ప్రభుత్వముయొక్క లోపమో కాదు. దక్షిణ అమెరికాలోని పెరూ దేశము 'బిడ్డకొక ల్యాప్‌టాప్' అను నినాదముతో లక్షల సంఖ్యలో కంప్యూటర్లను పల్లెబడులకు పంచినది. 319 బడులలో జరిపిన పరిశీలన 2012లో వెలువడగా, గణితములోగాని భాషలోగాని పిల్లల పరీక్షాఫలితములు మెరుగైన జాడ కనబడలేదు. యంత్రము వచ్చినది, బోధన మారలేదు, అంతే కారణము.

అట్లయిన యంత్రములన్నియు వ్యర్థమేనా? కావు. ఈ విషయమున నన్ను ఆలోచింపజేసిన పరిశోధన ఢిల్లీలో జరిగినది. కార్తీక్ మురళీధరన్, అభిజీత్ సింగ్, అలెహాంద్రో గనిమియన్ అను ముగ్గురు ఆర్థికశాస్త్రజ్ఞులు 'మైండ్‌స్పార్క్' అను కంప్యూటరు కార్యక్రమమును 2015లో పరీక్షించి 2019లో ఫలితములను ప్రకటించిరి. ప్రభుత్వ పాఠశాలలలో ఆరు మొదలు తొమ్మిది తరగతులు చదువుచున్న 619 మందిని చేర్చుకొని, లాటరీ ద్వారా కొందరికి బడి ముగిసిన పిమ్మట ఉచితశిక్షణ నొసగిరి. దినమునకు గంటన్నర, అందులో సగము కాలము కంప్యూటరు ముందు, మిగిలిన సగము ఒక సహాయబోధకుని వద్ద చిన్న గుంపుగా. ఆరంభపరీక్షలో తెలిసిన వాస్తవము మొదట బాధ కలిగించును: ఆరవ తరగతి పిల్లలు గణితములో సగటున రెండున్నర తరగతుల వెనుకనుండిరి, తొమ్మిదవ తరగతికి ఆ వెనుకబాటు నాలుగున్నర తరగతులైనది. అనగా ఒకే గదిలో, ఒకే బల్లపై, నాలుగవ తరగతి లెక్కయే తెలియని పిల్లవాడును తొమ్మిదవ తరగతి లెక్క చేయగల పిల్లవాడును ప్రక్కప్రక్కన కూర్చుండగా, ఉపాధ్యాయుడు పాఠ్యపుస్తకమును తెరచి ఒకే పుట చెప్పవలెను. ఏ గురువైనను, ఎంతటి సమర్థుడైనను, ఈ స్థితిలో ఏమి చేయగలడు?

యంత్రము ఇచ్చటనే అక్కరకు వచ్చినది. ఒక ఉదాహరణమును తీసికొందము. 3.15 పెద్దదా, 3.4 పెద్దదా యని పిల్లవాని నడుగగా 3.15 అని చెప్పుననుకొందము. తప్పు అని కొట్టివేసి ముందుకు పోయినచో వాడు మరల అదే తప్పు చేయును. ఏలయన వాని దృష్టిలో పదునైదు నాలుగుకంటె పెద్దది, తర్కము సరిగానే యున్నది, స్థానవిలువ మాత్రము తెలియలేదు. వేలమంది పిల్లలు చేసిన ఇట్టి తప్పులను కూడబెట్టుకొని, ఏ తప్పు వెనుక ఏ యపోహ దాగియున్నదో గుర్తించి, ఆ యపోహకు తగిన తరువాతి ప్రశ్నను, బొమ్మను చూపి, పిల్లవానిని వాడున్న మెట్టునుండియే పైకి నడిపించుట ఆ కార్యక్రమముయొక్క విశేషము. నాలుగున్నర నెలలలో, శిక్షణ లభించినవారు గణితములో పొందిన వృద్ధి లభించనివారి వృద్ధికి రెండింతలకు మించినది. హిందీలోను గణనీయమైన వృద్ధి కనబడినది. ఇంకొక మాట ఉపాధ్యాయులు శ్రద్ధగా గమనింపదగినది: ఇంత వృద్ధి జరిగినను, బడివారు తమ తరగతి స్థాయిలో పెట్టిన గణితపరీక్షలో అది స్పష్టముగా తేలలేదు. మూడవ మెట్టునుండి అయిదవ మెట్టు నెక్కిన పిల్లవానిని తొమ్మిదవ మెట్టుపై నిలిపిన పరీక్ష ఎట్లు గుర్తించును? వాడు ఎక్కిన రెండు మెట్లు లెక్కకు రాకపోవుట వాని తప్పు కాదు.

ఈ విజయములోను ఆ సహాయబోధకుని మరువరాదు. కార్యక్రమము అతనిని తొలగింపలేదు. అతని ప్రక్కన నిలిచినది. మన తెలుగు రాష్ట్రముల ప్రభుత్వ పాఠశాలలలో అరువదిమంది పిల్లలను ఎదుర్కొను గణితోపాధ్యాయునికి ఇట్టి సాధనము ఒక కంటిచూపును ప్రసాదించును: ఈ వారము ఎవరు ఎక్కడ ఆగిపోయిరో ఉదయమే అతనికి తెలిసినచో, అతడు తన నలుబది నిమిషములను వారికొరకు వినియోగించుకొనగలడు. అదియే ట్యాబ్ ఇంటికి పోయి, ఎవరును చూడని మూల వీడియోలు ఆడించుచున్నచో, వేల రూపాయల గాజు పలక మాత్రమే మిగులును.

భాషను గూర్చి ఒక మాట చెప్పక ఈ ప్రసంగమును దాటిపోలేను. శబ్దమును విని పిల్లవాని పఠనమును సరిదిద్దు ఆప్‌లు తెలుగులో వచ్చుట శుభమే. కాని సీతంపేట కొండలలోని సవర బిడ్డకు ఆ తెలుగును పరాయిదే. గిడుగు రామమూర్తి పంతులు పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా నుండి, ఎవరును అడుగకయే సవర భాష నేర్చి, ఆ పిల్లలకొరకు వారి భాషలో వాచకములు వ్రాసి, బడులు పెట్టి నూరేండ్లు దాటినది. ఆయనకు కంప్యూటరు లేదు. సవర ముఖము చూచి, సవర మాట విని వ్రాసికొను చెవి ఉండెను. నేడు సవర, కోయ, కువి భాషలలో ఒక చిన్న కథను వినిపించుటకు, ఆ పిల్లల ఉచ్చారణను నమోదు చేయుటకు ఫోనుకంటె సులభసాధనము లేదు. మూలనున్న బిడ్డకు మొదట అందవలసిన ఈ సదుపాయము, అన్ని వసతులు గలవారికి అందిన పిదప కూడ ఆ బిడ్డకు అందకుండుట అన్యాయము.

కౌమారదశకు వచ్చిన పిల్లల విషయము వేరు. అక్కడ యంత్రము వారి చేతనే యున్నది. 2024 అసర్ నివేదిక ప్రకారము, గ్రామీణ ప్రాంతములలో 14 మొదలు 16 సంవత్సరముల వయస్సు గలవారిలో 82 శాతమునకు పైగా స్మార్ట్‌ఫోను వాడుట ఎరుగుదురు. వారిలో గడచిన వారములో చదువు సంబంధమైన పనికి దానిని వాడినవారు 57 శాతము; సామాజిక మాధ్యమములకు వాడినవారు 76 శాతము. వాడుట ఎరిగినవారిలో సొంత ఫోను గలవారు మగపిల్లలలో 36.2 శాతము కాగా, ఆడపిల్లలలో 26.9 శాతమే. ఇంట ఫోను అన్నకు, పనులు చెల్లెలికి అను పాత న్యాయమే కొత్త వస్తువునకు కూడ సంక్రమించినది. చెల్లెలి చేతికి ఫోను రాకుండుట ఆమెకు రక్ష యని భావించు తల్లిదండ్రులు, అన్న రాత్రి రెండు గంటల వరకు దుప్పటిలో ఏమి చూచుచున్నాడో అడుగుటకు సంకోచింతురు. ఈ రెండును మారవలెను. పదునెనిమిదేండ్లు నిండనివారి సమాచారమును తల్లిదండ్రుల అనుమతి లేక సేకరింపరాదనియు, పిల్లల కదలికలను వెంబడించి ప్రకటనలు గురిపెట్టరాదనియు 2023లో మన పార్లమెంటు చేసిన వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము చెప్పుచున్నది. ఆ సంగతి ఎరిగిన తల్లిదండ్రులు అరుదు. ఒకప్పుడు తెరలను ఉత్సాహముతో బడులలోనికి ఆహ్వానించిన స్వీడన్ దేశము 2023లో అచ్చు పుస్తకములవైపు తిరిగి మరలెను. ఆ యేడే యునెస్కో తన విద్యానివేదికలో, సాధనము ఎవరి షరతులపై వచ్చుచున్నదని సూటిగా ప్రశ్నించినది.

ఆ ప్రశ్నను అడుగుటకు మన పల్లెలలో ఒక వేదిక చట్టబద్ధముగానే యున్నది. 2009 విద్యాహక్కు చట్టము ప్రకారము ప్రతి ప్రభుత్వ పాఠశాలకు యాజమాన్య కమిటీ ఉండవలెను. అందలి సభ్యులలో కనీసము నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే కావలెను. చాలచోట్ల ఆ సభ సంతకములతో ముగియును. ఈ వ్యాసమును చదువు తల్లిదండ్రులారా, వచ్చు సమావేశమునకు తప్పక పొండు. బడిలోని ట్యాబ్‌లు, స్మార్ట్ టీవీలు వారమునకు ఎన్ని గంటలు నడచుచున్నవి, నడచునపుడు గదిలో ఉపాధ్యాయుడుండునా, నా బిడ్డ ఏ మెట్టున ఆగినదో ఆ యంత్రము చూపిన చిట్టా ఏది, ఉపాధ్యాయునికి దాని వాడుకపై ఎన్ని దినముల శిక్షణ యిచ్చిరి, చెడిపోయిన పరికరమును బాగుచేయుటకు డబ్బు ఎక్కడ నున్నది అని అడుగుడు. సమాధానము రాకున్నచో, మినిట్స్ పుస్తకములో మీ ప్రశ్నను తెలుగులో వ్రాయించి, క్రింద సంతకము చేసి రండు.